మీరు చెప్పే రేటులో మీ కూలి ఉందా?

కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఇంటి డ్రైవర్‌గా పనిచేసి వచ్చిన మనవాళ్లకు కారు కడగడం కొత్త కాదు. తెల్లారకముందే లేచి, ఇసుక దుమ్ము పట్టిన కఫీల్ బండి తుడిచాకే వాళ్లకు టీ. అమెరికాలో ఇదే పని ఇంకాస్త పెద్దది. పేరు డీటెయిలింగ్. బయట చేత్తో కడగడం, పెయింట్‌కి అంటుకున్న జిగురు, తారు తీయడం, పాలిష్, వాక్స్ పెట్టడం, లోపల వాక్యూమ్ కొట్టడం, సీట్లు షాంపూతో ఉతకడం, మరకలు తీయడం అన్నీ ఇందులోకి వస్తాయి. సామాను బండిలో వేసుకుని కస్టమర్ ఇంటికే వెళ్లి చేస్తే మొబైల్ డీటెయిలింగ్.

చలికాలంలో సైట్ పని తగ్గే బిల్డింగ్ కూలీలు, ఇళ్లలో క్లీనింగ్ చేసి చెయ్యి తిరిగిన అక్కచెల్లెళ్లు ఈ పని వైపు చూడడం సహజం. షాపు అద్దె లేదు. పెట్టుబడి తక్కువ. పైన మేస్త్రీ లేడు.

మేస్త్రీ లేకపోవడం మంచిదే. కానీ మీకు కనీస వేతనం ఇవ్వాల్సినవాడు కూడా అక్కడ లేడు. వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇచ్చేవాడు లేడు. నడుం పట్టేస్తే వర్కర్స్ కాంపెన్సేషన్ లేదు. పని ఆగితే నిరుద్యోగ భృతి మామూలుగా రాదు. ఇవన్నీ మీరు కస్టమర్‌కి చెప్పే ఆ ఒక్క రేటులోంచే రావాలి. అందుకే ముందు రేటు సంగతి చూద్దాం. దానికంటే ముందు ఇంకొక్క ప్రశ్న ఉంది.

ముందుగా: మీకు పని అనుమతి ఉందా?

"ఎల్‌ఎల్‌సీ పెట్టేశాను, ఇక పని చేసుకోవచ్చు" అని చాలామంది అనుకుంటారు. అది తప్పు. కంపెనీ రిజిస్ట్రేషన్ వేరు, పని అనుమతి వేరు. ఐటిన్ నంబర్ ఉంటే పన్ను కట్టొచ్చు, కానీ అది కూడా పని అనుమతి కాదు.

పౌరులు, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు ఈ పని చేసుకోవచ్చు. 2015 నుంచి కొందరు హెచ్-4 భార్యాభర్తలకు ఈఏడీ కార్డు ఇస్తున్నారు. అది చేతిలో ఉండి, గడువు దాటకపోతే సొంత పని చేసుకోవచ్చు. కార్డు లేని హెచ్-4 వాళ్లు చేయకూడదు. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు పిటిషన్ వేసిన కంపెనీకే పని చేయాలి. శనివారాలు పక్కన కార్లు కడిగినా చిక్కే. ఎఫ్-1 విద్యార్థుల ఓపీటీ చదివిన చదువుకు సంబంధించిన పనికే. కంప్యూటర్ సైన్స్ చదివి కార్లు పాలిష్ చేస్తే కుదరదు. పిల్లల దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు అసలే చేయకూడదు. దౌత్యాధికారుల ఇళ్లలో ఏ-3, జీ-5 వీసాల మీద పనిచేసేవాళ్లకు కూడా ఆ యజమాని దగ్గర పని తప్ప వేరే పని కుదరదు.

"క్యాష్ కదా, ఎవరికి తెలుస్తుంది" అనే మాట నమ్మొద్దు. తర్వాత గ్రీన్ కార్డ్ దరఖాస్తులో అదే అడ్డు పడుతుంది. అనుమానం ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒక గంట కూర్చోబెట్టి అడగండి.

అదే సమయంలో ఇంకో మాట గుర్తుంచుకోండి. ఎవరి దగ్గరైనా కూలికి చేసి ఉంటే, చేసిన పనికి కూలి అడిగే హక్కు వీసాను బట్టి పోదు. ఫెడరల్ కూలి చట్టం 1938 నాటిది. మీ కాగితాలు ఎలా ఉన్నా, చేసిన గంటలకు అది వర్తిస్తుంది.

రేటు లెక్క: ఐదు గంటలూ లెక్కలోకి రావాలి

మనవాళ్లు రేటు పెట్టే పద్ధతి సాధారణంగా ఒకటే. పక్కవాడు 100 అంటే మనం 80 అంటాం. తెలిసినవాళ్లయితే "మీరు మనవాళ్లు కదా" అని 70కి దిగుతాం. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. అంకెలు మీ ఊరిని బట్టి మారతాయి, లెక్క మాత్రం మారదు.

ఒక సెడాన్ కారుకి లోపల, బయట పూర్తి పని మూడున్నర గంటలు అనుకుందాం. రానుపోను ప్రయాణం ఒక గంట. ఫోన్లో మాట్లాడడం, సామాను దింపి ఎక్కించడం, ఇంటికొచ్చాక బట్టలు ఉతకడం కలిపి అరగంట. మొత్తం 5 గంటలు. మనం సాధారణంగా లెక్కపెట్టేది మొదటి మూడున్నరే. మిగతా గంటన్నర ఉచితంగా పోతుంది.

ఇప్పుడు ఖర్చు:

షాంపూ, కెమికల్స్, ప్యాడ్లు, నీళ్లు, జనరేటర్ పెట్రోలు: 12 డాలర్లు.

30 మైళ్ల ప్రయాణం: 21 డాలర్లు. పన్ను లెక్కకు ఐఆర్ఎస్ 2025లో ఒప్పుకున్న రేటు మైలుకు 70 సెంట్లు. పెట్రోలు ఒక్కటే కాదు, టైర్లు, రిపేర్లు, బండి అరుగుదల, బండి ఇన్సూరెన్స్ కూడా అందులోనే ఉన్నాయి.

వ్యాపార ఇన్సూరెన్స్, ఫోన్, లైసెన్సు ఫీజులు నెలకు 240 డాలర్లు అనుకుని, నెలకు 24 కార్లు చేస్తే, కారుకి 10 డాలర్లు.

1,400 డాలర్ల సామాను 200 కార్లకు వస్తుందనుకుంటే, కారుకి 7 డాలర్లు.

మొత్తం 50 డాలర్లు. ఈ 50 మీది కాదు, ఖర్చులది.

80 డాలర్ల రేటు చెప్పారనుకోండి. ఖర్చులు పోను మిగిలింది 30. ఐదు గంటలకు 30 అంటే గంటకు 6 డాలర్లు. ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25. అది 2009 నుంచి పెరగనే లేదు, చాలా రాష్ట్రాల్లో కనీస వేతనం దానికంటే ఎంతో ఎక్కువ. ఏ యజమానైనా మీకు గంటకు 6 ఇస్తే మనమంతా కలిసి లేబర్ ఆఫీసుకి వెళ్తాం. ఇక్కడ ఆ యజమాని మీరే. మీ కూలి మీరే ఎగ్గొట్టుకుంటున్నారు.

అదే పనికి 150 చెబితే మిగిలేది 100, గంటకు 20.

పన్ను కూడా రేటులోనే

ఆ 100 కూడా పూర్తిగా చేతికి రాదు. ఉద్యోగంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను సగం యజమాని కడతాడు. సొంత పనిలో రెండు సగాలూ మీవే. సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ పన్ను 15.3 శాతం. లాభంలో 92.35 శాతం మీద వేస్తారు కాబట్టి నూటికి సుమారు 14 డాలర్లు. అంటే 100లో చేతికి 86, గంటకు 17 చిల్లర. ఇన్‌కమ్ ట్యాక్స్ దీనికి అదనం. 80 రేటు మనిషికైతే గంటకు 5 డాలర్ల చిల్లరే మిగులుతుంది.

కాబట్టి లెక్క వెనకనుంచి వేయండి. గంటకు ఎంత చేతికి రావాలో ముందు అనుకోండి. 20 కావాలంటే ఐదు గంటలకు 100. ఆ పన్ను పోయాక 100 మిగలాలంటే సుమారు 116 రావాలి. దానికి 50 ఖర్చు కలిపితే 166. అంటే 165, 170 దగ్గర మీ రేటు మొదలవ్వాలి. బేరమాడితే రేటు తగ్గించకండి, పని తగ్గించండి. "120కి లోపల మాత్రమే చేస్తానండి, బయట వాక్స్ ఉండదు" అని మర్యాదగా చెప్పొచ్చు.

సంవత్సరానికి ఖర్చులు పోను 400 డాలర్లు, ఆపైన మిగిలితే ఈ పన్ను లెక్క చూపాలి. కస్టమర్ ఫారం 1099 ఇవ్వకపోయినా, క్యాష్ ఇచ్చినా చూపాల్సిందే. ఏడాదికి 1,000 డాలర్లు, ఆపైన పన్ను పడేలా ఉంటే నాలుగు వాయిదాల్లో కట్టాలి: ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబర్ 15, తర్వాతి జనవరి 15. వచ్చిన ప్రతి రేటులోంచి కొంత వేరే ఖాతాలో వేసేయండి. ఇంటి అద్దెకి వాడేస్తే ఏప్రిల్‌లో అప్పు చేయాల్సి వస్తుంది. మైళ్లు రోజూ ఒక పుస్తకంలో రాయండి. తేదీ, ఎక్కడికి, ఎన్ని మైళ్లు. రాయని మైలుకి పన్ను తగ్గింపు అడగలేరు.

కొన్ని రాష్ట్రాల్లో అమ్మకం పన్ను కూడా ఉంది. న్యూయార్క్‌లో కారు కడగడం, డీటెయిలింగ్ మీద కస్టమర్ దగ్గర వసూలు చేసి ప్రభుత్వానికి కట్టాలి. మీ రాష్ట్ర రెవెన్యూ శాఖను మొదటి కారుకి ముందే అడగండి.

ఒకటే రేటు అన్ని కార్లకీ కాదు

మూడు వరసల సీట్లున్న మినీవ్యాన్‌కి సెడాన్ రేటు చెప్పారంటే ఆ పూట కూలి పోయినట్టే. కుక్క బొచ్చు, చిన్నపిల్లల వాంతి, సీట్ల సందుల్లో బిస్కెట్ పొడి, వీటికి విడిగా ధర పెట్టండి. మన ఇళ్ల కార్లలో వచ్చే మరకలు మనకి బాగా తెలుసు. డిక్కీలో ఒలికిన ఆవకాయ నూనె, పాట్‌లక్‌కి తీసుకెళ్తూ పోసిన సాంబారు, కొత్త కారు పూజలో బానెట్ మీద పెట్టిన కుంకుమ, పసుపు. ఎండిన కుంకుమని పొడిబట్టతో రుద్దితే గీతలు పడతాయి. ముందు బాగా నీళ్లు పోసి కరిగించాలి. పసుపు మరక సీటు మీద ఒక్కసారికి పూర్తిగా పోదు. "తగ్గుతుంది, పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేను" అని ముందే చెప్పండి.

ఫోన్లో రేటు ఖాయం చేయకండి. ముందు కారు ఫోటోలు పంపమనండి. వెళ్లాక కారు చుట్టూ తిరిగి, ఉన్న గీతలు, సొట్టలు వీడియో తీసి, కస్టమర్‌కి చూపించాకే నీళ్లు పోయండి. ఏం చేస్తారు, ఎంత, ఎప్పుడిస్తారు అనేది నాలుగు లైన్ల మెసేజ్‌గా పంపి "సరే" అనిపించుకోండి. రోజులో రెండు కార్లే పట్టే పని ఇది. ఒకటి ఆఖరి నిమిషంలో రద్దయితే సగం కూలి పోతుంది. కాబట్టి కొంత అడ్వాన్స్ తీసుకోవడం తప్పు కాదు.

ఇక్కడ ఒక తేడా గమనించండి. కూలీగా ఉండగా డబ్బులు ఎగ్గొడితే లేబర్ ఆఫీసు ఉంది. సొంత పనిలో కస్టమర్ ఎగ్గొడితే లేబర్ ఆఫీసు పట్టించుకోదు, ఎందుకంటే అది కూలి కాదు, బాకీ. చిన్న దావాల కోర్టుకి వెళ్లాలి. టెక్సాస్‌లో 20,000 డాలర్ల వరకు, కాలిఫోర్నియాలో సొంత పేరుతో పని చేసేవాళ్లు 12,500 డాలర్ల వరకు వేయొచ్చు. అక్కడ మీకు సాక్ష్యం ఆ మెసేజ్, ఆ వీడియోనే.

నీళ్లు, ఇన్సూరెన్స్, కెమికల్స్

సామాను ఒకేసారి కొనకండి. మొదట లోపలి పనితో మొదలుపెట్టొచ్చు. తడి పొడి రెండూ లాగే వాక్యూమ్, బ్రష్‌లు, మైక్రోఫైబర్ బట్టలు, సీట్ల షాంపూ మిషన్ చాలు. ప్రెషర్ వాషర్, నీళ్ల ట్యాంకు, పాలిషర్ రాబడి చూసుకుని కొనండి. పాలిషర్ చేత్తో పట్టే ముందు పాత డోర్ మీద నేర్చుకోండి. పెయింట్ కాలితే మీ మూడు నెలల లాభం పోతుంది.

సబ్బునీళ్లు వీధి కాలువలోకి వదలకండి. ఆ కాలువ చాలా ఊళ్లలో శుద్ధి లేకుండా నేరుగా వాగులోకి పోతుంది. 1972 నాటి క్లీన్ వాటర్ చట్టం కింద ఊళ్లు దీనికి నియమాలు పెట్టాయి, జరిమానాలు ఉన్నాయి. నీళ్లు పట్టే చాప వాడండి, లేదా ఒక బకెట్‌తో అయ్యే రిన్స్‌లెస్ పద్ధతి నేర్చుకోండి. అపార్ట్‌మెంట్లలో ముందుగా ఆఫీసు అనుమతి అడగండి.

మామూలు జనరల్ లయబిలిటీ పాలసీ, మీ చేతిలో ఉన్న కస్టమర్ కారుకి జరిగిన నష్టం ఇవ్వకపోవచ్చు. గ్యారేజ్‌కీపర్స్ కవరేజ్ ఉందా అని పేరు పెట్టి అడగండి. మీ సొంత కారు పాలసీ కూడా వ్యాపారానికి వాడుతూ ప్రమాదం జరిగితే డబ్బు ఇవ్వననొచ్చు. ముందే చెప్పి మార్పించుకోండి.

చక్రాలు మెరిపించే కొన్ని మందుల్లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, అమ్మోనియం బైఫ్లోరైడ్ ఉంటాయి. ఇవి చర్మం లోపలికి దిగి ఎముక దాకా పోతాయి. మొదట నొప్పి కూడా తెలియకపోవచ్చు. డబ్బా మీద ఈ పేర్లు కనబడితే కొనకండి; వేరేవి దొరుకుతాయి. ప్రతి మందుకి సేఫ్టీ డేటా షీట్ ఉంటుంది, అమ్మినవాళ్లని అడిగి తీసుకోండి. కంట్లోనో ఒంటి మీదో పడితే నీళ్లతో కడుగుతూనే పాయిజన్ కంట్రోల్‌కి 1-800-222-1222 ఫోన్ చేయండి. పరిస్థితి విషమిస్తే 911. జనరేటర్ గ్యారేజ్ లోపల నడపకండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

కొత్త ఇళ్లకి ఒంటరిగా వెళ్లే అక్కలు అడ్రసు, సమయం ఇంట్లో ఒకరికి పంపి వెళ్లండి. పని డ్రైవ్‌వేలోనే చేస్తానని ముందే చెప్పండి. ఏదైనా తేడాగా అనిపిస్తే అడ్వాన్స్ తిరిగిచ్చేసి వచ్చేయండి.

"నువ్వు కాంట్రాక్టర్‌వి" అని ఎవరైనా అంటే

కొందరికి సొంత వ్యాపారం ఉండదు, వేరేవాళ్ల డీటెయిలింగ్ వ్యాన్ మీద పనికి వెళ్తారు. యజమాని "నువ్వు 1099 మనిషివి, ఓవర్‌టైమ్ లేదు" అంటాడు. కాగితం మీద పేరు ముఖ్యం కాదు, పని తీరు ముఖ్యం. వ్యాన్ ఎవరిది? రేటు ఎవరు పెడతారు? ఏ కారుకి ఎప్పుడు వెళ్లాలో ఎవరు చెబుతారు? మీరు వేరేచోట కస్టమర్లని పట్టుకోగలరా? అన్నింటికీ జవాబు "యజమానే" అయితే మీరు బహుశా ఉద్యోగే. కాలిఫోర్నియాలో 2020 నుంచి నియమం ఇంకా గట్టిది. మీరు నిజంగా స్వతంత్రులని యజమానే రుజువు చేయాలి. ఐఆర్ఎస్‌కి ఫారం ఎస్‌ఎస్-8 పంపి "నేను ఉద్యోగినా, కాదా తేల్చండి" అని మీరే అడగొచ్చు.

గంటలు మీ పుస్తకంలో రాసుకోండి. ఫెడరల్ చట్టం కింద బాకీ కూలి రెండేళ్ల వెనక్కి, తెలిసి ఎగ్గొట్టారని తేలితే మూడేళ్ల వెనక్కి అడగొచ్చు. ఆలస్యం చేసిన ప్రతి వారం ఒక వారం కూలి చేజారుతుంది.

రేపు మీరే ఒకరిని పెట్టుకుంటే

పని పెరిగితే తమ్ముడి వరస కుర్రాడినో, ఊరివాడినో తోడు తీసుకెళ్తాం. ఆ రోజు నుంచి మీరు యజమాని. "భోజనం పెడుతున్నా కదా" అంటే చెల్లదు. అతని పని అనుమతి చూసి ఫారం ఐ-9 నింపాలి, గంటలు రాయాలి, కనీస వేతనం, ఓవర్‌టైమ్ ఇవ్వాలి. వర్కర్స్ కాంపెన్సేషన్ నియమం మీ రాష్ట్రంలో ఎలా ఉందో కనుక్కోవాలి. కారు నుంచి కారుకి వెళ్లే ప్రయాణ సమయం కూడా పని గంటే.

కాలిఫోర్నియాలో కారు కడిగే కార్మికులకు ప్రత్యేక చట్టమే ఉంది. అక్కడి కార్ వాష్‌లలో కూలి ఎగ్గొట్టడం ఎక్కువై 2003లో అది తెచ్చారు. కడగడం, పాలిష్, డీటెయిలింగ్ పనికి ఎవరినైనా పెట్టుకునే యజమాని లేబర్ కమిషనర్ దగ్గర ఏటా రిజిస్టర్ చేసుకోవాలి. కార్మికుల కూలికి హామీగా బాండ్ పెట్టాలి. మొదట 15,000 డాలర్లుండే ఆ బాండ్‌ని 2013లో మార్చిన చట్టం 1,50,000 డాలర్లు చేసింది. యూనియన్ ఒప్పందం ఉన్నచోట బాండ్ మినహాయింపు ఉంది. లాస్ ఏంజిల్స్‌లో 2008 నుంచి కార్మికులు క్లీన్ కార్‌వాష్ పేరుతో కలిసి పోరాడారు. 2011లో శాంటా మోనికాలోని బోనస్ కార్ వాష్‌లో మొదటి యూనియన్ ఒప్పందం సాధించుకున్నారు. మనం అనుభవిస్తున్న హక్కుల వెనక చేతులు పగిలేలా కార్లు తుడిచిన మనుషులున్నారు. రేపు మన పక్కన బకెట్ పట్టుకునే కుర్రాడికి అదే హక్కు ఇవ్వాలి.

మొదటి కారుకి ముందు ఒకసారి చూసుకోండి

పని అనుమతి ఖాయమైందా? ఊరి లైసెన్సు, అమ్మకం పన్ను సంగతి కనుక్కున్నారా? ఇన్సూరెన్స్ కాగితం చేతిలో ఉందా? నీళ్లు ఎక్కడికి పోతాయో తెలుసా? మైళ్ల పుస్తకం బండిలో ఉందా? పన్నుకి వేరే ఖాతా తెరిచారా? ప్రయాణం, సామాను సర్దుడు సహా గంటలు లెక్కేసి రేటు రాసుకున్నారా?

మొదటి పది కార్లకి గడియారం పెట్టి అసలు ఎంత సమయం పట్టిందో రాయండి. మన అంచనా కంటే దాదాపు ఎప్పుడూ ఎక్కువే పడుతుంది. ఆ పది కార్ల తర్వాత రేటు మళ్లీ వేయండి. గంటకు మీ చేతికొచ్చేది మీ రాష్ట్ర కనీస వేతనం కంటే తక్కువగా ఉంటే, రేటు పెంచాలి లేదా ఆ పని మానాలి. తక్కువ రేటుకి ఎక్కువ కార్లు చేస్తే నష్టమే పెరుగుతుంది, నడుమూ పోతుంది.

యజమాని కూలి ఎగ్గొడితే అమెరికా కార్మిక శాఖ వేజ్ అండ్ అవర్ విభాగానికి 1-866-487-9243కి ఫోన్ చేయండి, దుబాసీ కావాలని అడగండి. పాస్‌పోర్ట్ లాక్కుని, బెదిరించి పని చేయిస్తుంటే మానవ అక్రమ రవాణా హాట్‌లైన్ 1-888-373-7888. రెండింటికీ చేసే ఫోను ఉచితం.